స్పితినా, నుబ్రానా, మన అరకేనా? హైదరాబాద్ నుంచి లోయ చూడబోయేవాళ్ళకి

దసరా సెలవులకు ఇంకా రెండు నెలలుండగానే మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, కొండలుండాలె, సరస్సుండాలె, జనం ఉండొద్దు. అమ్మ కూడా వస్తనంటుంది. ఆరు రోజులే సెలవు దొరికింది. స్పితి పోదామా, లడఖ్ పోదామా?" అన్నాడు.

మా చిన్నమ్మకు అరవై రెండేళ్ళు. బీపీ మాత్ర రోజూ వేసుకుంటుంది, మోకాళ్ళు సరిగ్గా లేవు. ఆమె, ఆరు రోజులు, స్పితి అనే మూడింటినీ ఒక్క ప్రయాణంలో ఇమడ్చలేం. ఏదో ఒకటి వదులుకోవాలి. ఆ సంగతే వాడికి గంటసేపు చెప్పాను. అలాంటి ఫోన్లు ఏడాదికి నాలుగైదు వస్తుంటాయి కాబట్టి అదంతా ఇక్కడ రాసిపెడుతున్నాను.

అరకు, పాడేరు వైపు లెక్కలేనన్నిసార్లు తిరిగాను. హిమాచల్‌లోని స్పితి లోయకి రెండుసార్లు, లడఖ్‌లోని నుబ్రా లోయకి ఒకసారి వెళ్ళాను. ఫోటోలు చూసి ఎంచుకుందామంటే మూడూ బాగానే కనిపిస్తాయి. అందుకే ఎవరడిగినా నేను ముందు ఒకే లెక్క వేయిస్తాను. మీ సెలవులో ఎన్ని గంటలు బండిలో పోతాయి, ఎన్ని గంటలు లోయలో మిగులుతాయి? హిమాలయాలకు ఆనుకుని ఉన్న ఊళ్ళవాళ్ళకు ఈ లెక్క పెద్దగా అక్కర్లేదు. మనం దక్కన్ పీఠభూమి మధ్యలో ఉన్నాం, మనకు తప్పదు.

సెలవు ఎన్ని రోజులు?

అరకు లెక్క తేలిక. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతాం. అక్కడి నుంచి పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఉంటుంది. అది నాలుగు గంటల్లో, యాభైకి పైగా సొరంగాలు దాటుకుంటూ అరకు చేరుస్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకి మీరు లోయలో ఉంటారు. నాలుగు రోజుల సెలవు పెడితే రెండున్నర రోజులు చేతికి దక్కుతాయి. ఒక్కటే చిక్కు: రెండు బండ్లకీ మధ్య వ్యవధి చాలా తక్కువ. గోదావరి కాస్త ఆలస్యమైందా, పాసింజర్ వెళ్ళిపోతుంది. అప్పుడు ద్వారకా బస్‌స్టేషన్‌కి పోయి ఆర్టీసీ బస్సు ఎక్కడమే. నాకు రెండుసార్లు అదే జరిగింది. బాధపడాల్సిందేమీ లేదు, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ రోడ్డు కూడా అందంగానే ఉంటుంది. కానీ పెద్ద అద్దాల విస్టాడోమ్ బోగీలో డబ్బులు పెట్టి టికెట్ కొన్నవాళ్ళకు మాత్రం కడుపు మండుతుంది. అలాంటివాళ్ళు ఒక రాత్రి ముందే విశాఖ చేరుకోవడం మేలు.

నుబ్రా పైకి చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఢిల్లీ మీదుగా లేహ్‌కి విమానం, అక్కడి నుంచి ఖార్దుంగ్‌లా కనుమ దాటితే నుబ్రాలోని దిస్కిత్ దాదాపు 120 కిలోమీటర్లే. అసలు చిక్కు లేహ్‌లో ఉంది. ఆ ఊరు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. దిగాక రెండు రాత్రులు అక్కడే ఊరుకోవాలి. లేహ్ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి కాబట్టి చాలాసార్లు వెళ్ళేటప్పుడు ఢిల్లీలో ఒక రాత్రి గడపాల్సి వస్తుంది. వాతావరణం బాగాలేక విమానం రద్దయితే ఎలా అని చివర్లో ఒక రోజు చేతిలో ఉంచుకోవాలి. ఇవన్నీ కలిపితే నుబ్రాలో రెండు రాత్రులు ఉండటానికి ఎనిమిది రోజులు కావాలి. పాంగాంగ్ సరస్సు కూడా కలిపితే తొమ్మిదో పదో.

స్పితికి పది రోజులు లేకపోతే బయలుదేరకపోవడమే మంచిదని నా అభిప్రాయం. "ఆరు రోజుల్లో స్పితి" అని అమ్మే ప్యాకేజీలు చాలా కనిపిస్తాయి. వాటిలో మనాలి నుంచి ఒక్క రోజులో స్పితిలో పెద్ద ఊరైన కాజా తీసుకెళ్తారు. మనాలి 2,000 మీటర్లు, కాజా 3,700 మీటర్లు అటూఇటూ, మధ్యలో 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ. అటల్ సొరంగం 2020లో తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే బాధ తప్పింది కానీ గ్రాంఫూ నుంచి లోసర్ దాకా దారి ఇప్పటికీ చాలా చోట్ల రాళ్ళూ వాగులే. పొద్దున ఆరుకి బయలుదేరినవాళ్ళు సాయంత్రం కాజా చేరేసరికి సరస్సు చూద్దామన్న ఓపిక ఎవరికీ ఉండదు. పడకేస్తారు.

అదే సిమ్లా వైపు నుంచి వెళ్తే? చండీగఢ్‌కి విమానం, లేకపోతే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ. అక్కడి నుంచి సిమ్లా. మర్నాడు కల్పా, ఆ తర్వాత తాబో, ఆ తర్వాత కాజా. రోజుకు కొంచెం కొంచెంగా ఎత్తు పెరుగుతుంది, ఒంటికి తెలియదు. కిన్నౌర్‌లో ఆపిల్ తోటలు, సట్లెజ్ లోయ, నాకో ఊళ్ళో ఇళ్ళ మధ్యలో చిన్న సరస్సు దారిలోనే వచ్చేస్తాయి. తాబో మఠం కట్టింది 996లో. వెయ్యేళ్ళు దాటిన మట్టి గోడల లోపల చీకట్లో టార్చి వేసుకుని బొమ్మలు చూస్తాం. తిరుగు దారిలో కాజా నుంచి చంద్రతాల్ సరస్సు మీదుగా మనాలికి దిగిపోవచ్చు. వెళ్ళిన దారినే రానక్కర్లేదు. దారే ప్రయాణం అనుకునేవాళ్ళకు స్పితిని మించింది లేదు. "ఎప్పుడొస్తాం, ఎప్పుడొస్తాం" అని డ్రైవర్ని అడుగుతుండేవాళ్ళకు అది నరకం. మీ ఇంట్లో ఎవరు ఎలాంటివాళ్ళో శ్రీశైలం ఘాట్‌లో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. గోల్కొండ బాలాహిస్సార్ ఎక్కేసరికే మధ్యలో రెండుసార్లు కూర్చునేవాళ్ళం మనం. లేహ్‌లో ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. 5,359 మీటర్ల ఖార్దుంగ్‌లా మీద దాదాపు సగం. అన్నట్టు, ఆ కనుమ మీద 18,380 అడుగులని రాసిన బోర్డు ముందు ఏళ్ళ తరబడి అందరూ ఫోటో దిగారు. అసలు ఎత్తు దానికి ఎనిమిది వందల అడుగులు తక్కువ. ఫోటో దిగండి, దోషం లేదు.

లేహ్‌లో దిగిన రోజు నేను చేసిన పని చెప్తాను. విమానం పొద్దున ఏడింటికి దిగింది. ఎండ బ్రహ్మాండంగా ఉంది, ఒంట్లో హుషారుగా ఉంది. మాకు ట్రిప్ కుదిర్చినవాళ్ళు "సాయంత్రం ఊరికే లోకల్ సైట్‌సీయింగ్" అని అదే రోజు పెట్టేశారు. నేనూ సరే అన్నాను, డబ్బులు కట్టాం కదా అని. శాంతి స్తూపం మెట్లు ఎక్కి, బజారంతా తిరిగి, రాత్రి చపాతీ రెండు ముద్దలు తినేసరికి తల రెండు చెక్కలయ్యేలా నొప్పి మొదలైంది. తెల్లవార్లూ వాంతులు. మర్నాడు ఆస్పత్రిలో గంటన్నర ఆక్సిజన్ పెట్టించుకుని పడుకున్నాను. పక్క మంచం మీద ఉన్నాయన నాగోల్ నుంచి వచ్చాడట. ఆయన కూడా మొదటి రోజే తిరిగాడు. ఇద్దరం మాస్కులు పెట్టుకునే ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

అందుకే కొన్ని మాటలు గట్టిగా చెప్తాను. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకుండా చూసుకోవాలి. పగలు ఎంత ఎత్తుకెళ్ళినా రాత్రికి కిందికి దిగి పడుకోవాలి. నుబ్రాలో ఒక సుఖం అదే. ఖార్దుంగ్‌లా దాటడం భయంగా ఉన్నా, అవతల నుబ్రాలోని హుందర్ ఊరు 3,100 మీటర్ల దగ్గరే ఉంటుంది, లేహ్ కంటే కింద. నిద్ర బాగా పడుతుంది. పాంగాంగ్ అలా కాదు. అది 4,200 మీటర్లకు పైనే. ఒడ్డున రాత్రి ఉంటే తల పట్టేస్తుంది, గాలి గుడారాన్ని ఊపేస్తుంది, దగ్గర్లో పెద్ద ఆస్పత్రి లేదు. పెద్దవాళ్ళున్న కుటుంబాలకు పాంగాంగ్‌లో రాత్రి బస వద్దనే నేను చెప్తాను. ఎత్తు వల్ల ఒంట్లో బాగోకపోకుండా డయామాక్స్ మాత్ర చాలామంది వాడతారు కానీ దాన్ని మెడికల్ షాపులో అడిగి మింగేయకండి. సల్ఫా మందులు పడనివాళ్ళున్నారు, బీపీ, గుండె, షుగర్ మందులు వాడేవాళ్ళున్నారు. మీ డాక్టర్‌ని అడగండి. తలనొప్పి పెరుగుతూ, మనిషి తూలుతూ, మాట తడబడుతుంటే మాత్రతో సర్దుకుంటుందని చూడకుండా వెంటనే కిందికి దిగిపోవాలి.

అరకులో ఈ గొడవే లేదు. ఊరు 900 మీటర్లు దాటి ఉంటుంది, చుట్టూ కొండలు ఇంకాస్త ఎత్తు. అక్కడ టెన్షన్ పెట్టేది దోమలు. ఏజెన్సీ ప్రాంతం కాబట్టి మలేరియా భయం ఉంది. పొడుగు చేతుల చొక్కా, దోమల క్రీము మర్చిపోవద్దు.

మన సెలవులు ఏ లోయకు సరిపోతాయి

ఎంపిక నిజానికి ఇక్కడే సగం అయిపోతుంది. బడికెళ్ళే పిల్లలున్న ఇంట్లో సెలవులు మన చేతిలో ఉండవు కదా.

వేసవి సెలవులు, అంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. అప్పుడు మనాలి వైపు నుంచి స్పితి దారి చాలా ఏళ్ళు మూసే ఉంటుంది. కుంజుమ్ మీద మంచు తీసి తెరిచేసరికి మే చివరో జూనో అవుతుంది, చంద్రతాల్‌కి దారి ఆ తర్వాతే. మేలో వెళ్ళాలనుకుంటే సిమ్లా వైపు నుంచే వెళ్ళి అదే దారిన రావాలి, చంద్రతాల్ ఆశ వదులుకోవాలి. ఆ నెలల్లో నుబ్రా మంచి ఎంపిక. అరకు వేసవిలో మన ఊరికన్నా చల్లగానే ఉంటుంది కానీ కొండలు ఎండిపోయి ఉంటాయి. "ఇదేనా అరకు?" అని పిల్లలు అడుగుతారు.

జూలై, ఆగస్టుల్లో హిమాచల్ వైపు వెళ్ళకండి. స్పితి లోపల వాన తక్కువే, అది కొండల వెనకున్న ఎడారి. కానీ అక్కడికి చేర్చే కులు, కిన్నౌర్ దారులు రెండూ కొండచరియలు విరిగిపడే చోట్లే. 2023 జూలైలో దాదాపు 300 మంది యాత్రికులు చంద్రతాల్ గుడారాల్లో చిక్కుకుపోతే వాళ్ళని బయటికి తేవడానికి రోజులు పట్టింది. ఇక బియాస్ నది పేరు వింటే హైదరాబాద్‌లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో టీవీ ఆపేస్తారు. 2014 జూన్ 8న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో మన ఊరి ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. నదిలో బండల మీద ఫోటోలు దిగుతున్నారు వాళ్ళు. మనాలి వెళ్ళే దారి పొడుగునా అలాంటి బండలు "రా" అన్నట్టే కనిపిస్తాయి. నీళ్ళు మోకాలి లోతే ఉన్నా దిగకండి. పైన డ్యామ్‌ ఉందో లేదో మనకు కనిపించదు. లడఖ్‌లో ఆ నెలల్లో వాన తక్కువ, నుబ్రా వైపున్న తుర్తుక్ ఊళ్ళో ఆప్రికాట్ పండ్లు పండుతాయి. వానాకాలంలోనే సెలవు దొరికిందంటే నుబ్రాకే వెళ్ళండి.

దసరా సెలవులు స్పితికి ఇంచుమించు కొలిచి ఇచ్చినట్టుంటాయి. సెప్టెంబరు చివర్లో ఆకాశం కడిగినట్టుంటుంది, దారులు రెండూ తెరిచుంటాయి. దసరా అక్టోబరు మధ్యకు జరిగిన ఏడు మాత్రం జాగ్రత్త. చలి ముదరగానే చంద్రతాల్ దగ్గర గుడారాలు ఎత్తేస్తారు, ఒక రాత్రి మంచు పడితే కుంజుమ్ మూసేస్తారు. బయలుదేరే ముందు కాజాలో హోమ్‌స్టే వాళ్ళకు ఫోన్ చేసి అడగండి, ఇంటర్నెట్‌లో రాసింది నమ్మొద్దు.

క్రిస్మస్, సంక్రాంతి అంటే హైదరాబాద్ సగం, విశాఖ సగం పాడేరు వైపు పొగమంచుకి పేరుపడ్డ లంబసింగిలో ఉంటాయి.

లంబసింగి ఆదివారం

ఒక డిసెంబరు ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి నర్సీపట్నంలో బయలుదేరాం. లంబసింగి అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. పొగమంచు చూద్దామని పోతే కార్ల పొగ చూశాం. ఘాట్ రోడ్డు మీద రెండున్నర గంటలు బంపర్‌కి బంపర్ ఆనించుకుని నిలబడ్డాం. పైకి చేరేసరికి ఎండ వచ్చేసింది. రోడ్డు పక్కన కాగితం ప్లేట్లు, మంటల బూడిద. "ఆంధ్ర కశ్మీర్‌లో మంచు కురిసింది" అని ఏటా వాట్సాప్‌లో తిరిగేది కూడా నమ్మకండి. ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే రాత్రులుంటాయి, గడ్డి మీద పేరుకుని గట్టిపడిన మంచును గీకితే చేతికి వస్తుంది. అంతే తప్ప సిమ్లాలోలాగా హిమపాతం కాదు.

అదే లంబసింగికి తర్వాతి ఏడాది ఒక మంగళవారం వెళ్ళాను. తాజంగి జలాశయం ఒడ్డున పొద్దున ఆరున్నరకి మేం ముగ్గురమే ఉన్నాం. నీళ్ళ మీద పొగమంచు దూదిలా పరుచుకుని ఉంది, అవతలి గట్టు కనిపించదు. ఎక్కడో పశువుల మెడలో గంట వినిపిస్తుంది, పశువు కనిపించదు. ఏడింటికి మంచు కింద నుంచి విడిపోయింది. ముందు నీళ్ళు, తర్వాత గట్టు, తర్వాత కొండ మొదలు, చివరికి కొండ నెత్తి. పూర్తిగా తెరుచుకునేదాకా ఎవరం మాట్లాడలేదు. ఒకామె స్టీలు క్యాన్‌లో టీ తెచ్చి అమ్మింది. చక్కెర ఎక్కువైంది, అయినా రెండేసి గ్లాసులు తాగాం.

కాబట్టి అరకు, పాడేరు వైపు వెళ్ళాలనుకుంటే ఏ వారం వెళ్తున్నారన్నది ముందు చూసుకోండి. నవంబరు చివరి నుంచి డిసెంబరు మొదటి రెండు వారాల్లో వలిసె పూలు పూస్తాయి, లోయంతా పసుపు కలిపి చల్లినట్టుంటుంది. సోమవారం నుంచి గురువారం లోపల చూసుకుంటే రోడ్లు మీవే. పాడేరు దగ్గర వంజంగి కొండ మీదికి మబ్బుల కోసం చీకట్లో నడవాలి, మోకాళ్ళు బాగున్నవాళ్ళే ఎక్కండి. అరకు ఊళ్ళో పద్మాపురం తోట, మ్యూజియం చుట్టూ ఒక పూట చాలు. బొర్రా గుహలు మాత్రం వదలొద్దు. మిగిలిన రోజు ముంచింగిపుట్టు వైపు పోయి జోలాపుట్ జలాశయం చూడండి. మాచ్‌ఖండ్ నది మీద, ఆంధ్ర ఒడిశా సరిహద్దులో ఉంటుంది. కొండల మధ్య కంటికి ఆనినంత మేర నీళ్ళు. తినడానికి ఏమీ దొరకదు, కట్టుకెళ్ళాలి. అందుకే అక్కడ జనం ఉండరు. వారపు సంత పడే రోజు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళండి. అడ్డాకుల కట్టలు, కొండ పసుపు, చోడి (రాగి) పిండి, చింతపండు అన్నీ నేల మీదే పోసి అమ్ముతారు. బేరం ఆడకండి. మాల్‌లో మారుమాట్లాడకుండా కాఫీకి మూడు వందలు కడతాం, కాఫీ తోట పక్కన పసుపు అమ్మే ముసలామె దగ్గర పది రూపాయలకు గీసి గీసి అడుగుతాం.

సరస్సే ముఖ్యమనుకుంటే

పాంగాంగ్ పొడుగు 130 కిలోమీటర్ల పైనే, అందులో ఎక్కువ భాగం సరిహద్దుకు అవతలే ఉంది. నీళ్ళు ఉప్పన. రంగు గంటగంటకూ మారుతుందని అందరూ చెప్పేది నిజమే. కానీ ఒడ్డున '3 ఇడియట్స్' సినిమాలోలాంటి పసుపు స్కూటర్లు, ఫోటోల కోసం వరసలో పెట్టిన బల్లలు, ఆ గోల చూసి నాకు ట్యాంక్‌బండ్ గుర్తొచ్చింది. అదే రోడ్డున స్పాంగ్మిక్ ఊరు దాటి ముందుకు పోతే ప్రశాంతం.

చంద్రతాల్ చిన్నది, చుట్టూ నడిచి రావచ్చు. బండి ఆపే చోటు నుంచి సరస్సు దాకా నడవాలి, గుడారాలు ఒడ్డున వేయనివ్వరు, అవి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే. ఆ నిబంధన పుణ్యమా అని అక్కడ ఇప్పటికీ నీళ్ళ శబ్దం వినిపిస్తుంది. 2005 నుంచి అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో ఉంది. నా ఓటు చంద్రతాల్‌కే. కానీ ఇది కూడా 4,200 మీటర్లకు పైనే. స్పితిలో వారం తిరిగి, ఒళ్ళు అలవాటుపడ్డాక చివర్లో వస్తే హాయి. మనాలి నుంచి నేరుగా వచ్చి రాత్రి ఉండేవాళ్ళు తెల్లారేదాకా కూర్చునే ఉంటారు.

ధన్‌కర్ మఠం పైన ఇంకో సరస్సుంది, గంటా గంటన్నర నిట్టనిలువు ఎక్కాలి. మేం ఎక్కేసరికి అక్కడ గాడిదలు రెండు, మేం నలుగురం. నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఎక్కినందుకు బాధపడలేదు, మళ్ళీ ఎక్కమంటే ఎక్కను.

సరస్సు ఒక్కటే కావాలి, ఒక్క వారాంతమే ఉంది అంటారా, ఇంత దూరం దేనికి? ములుగు జిల్లా లక్నవరం వెళ్ళిరండి. కాకతీయుల కాలం నాటి చెరువు, కొండలు, దీవులు, వేలాడే వంతెన. సాయంత్రం బయలుదేరితే రాత్రికి అక్కడే ఉంటారు.

తిండి, పడక, ఫోను

స్పితిలో లాంగ్జా ఊళ్ళో ఒక ఇంట్లో దిగాం. వంటగదిలోనే మధ్యలో ఇనప పొయ్యి, దాని చుట్టూ తివాచీలు, ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చుంటారు. ఆ ఎత్తులో నీళ్ళు 87 డిగ్రీల లోపే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో బియ్యం ఎంతసేపున్నా పలుకు పోదు. అందుకని ప్రతి ఇంట్లో పెద్ద ప్రెషర్ కుక్కర్. మా ఇంటావిడ విజిల్స్ లెక్కపెడుతూ మా వైపు చూసి నవ్వింది, తొమ్మిదో పదో వచ్చాయి. అన్నం, రాజ్మా పెట్టింది. మేం ఆవకాయ తీశాం. ఆమె వేలితో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, మళ్ళీ కొంచెం పెట్టించుకుంది. వచ్చేటప్పుడు సీసా అక్కడే వదిలేసి వచ్చాం. ఆ ఊరి చుట్టుపక్కల నేలలో సముద్రపు జీవుల శిలాజాలు దొరుకుతాయి. పిల్లలు తెచ్చి అమ్మచూపుతారు, కొనొద్దు. దగ్గర్లోని హిక్కిమ్ ఊరి పోస్టాఫీసు నుంచి మా ఇంటి అడ్రస్‌కే కార్డు వేశాను. మేం ఇంటికొచ్చిన మూడు వారాలకు వచ్చింది.

నుబ్రాలో పడకకు లోటు లేదు, హోటళ్ళు మంచివి ఉన్నాయి. తుర్తుక్‌లో మాత్రం ఇళ్ళల్లోనే ఉండండి. 1971 యుద్ధంలో మన దేశంలోకి వచ్చిన ఊరు, బల్తీ జనం, రాతి ఇళ్ళ మధ్య పిల్ల కాలువలు. హుందర్ ఇసుకలో రెండు మూపురాల ఒంటె మీద పది నిమిషాలు ఊగడం కంటే ఆ కాలువ గట్టున కూర్చోవడం నాకు నచ్చింది. మన ఊళ్ళో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి. పర్మిట్, ఫీజుల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వెళ్ళే నెలలో లేహ్ అధికారుల సైట్ చూసుకోండి. టాక్సీ రేట్లు యూనియన్ పెట్టినవే, నలుగురైదుగురు ఉంటేనే గిట్టుబాటు. స్పితిలో నగదు దగ్గరుంచుకోండి, కాజా ఏటీఎంని నమ్ముకోవద్దు. ఖర్చు సంగతంటారా, స్పితిలో మనిషికి మాకైన దాంట్లో అరకుకి నాలుగో వంతు కూడా కాలేదు. అరకులో బొంగు చికెన్ ఎక్కడైనా దొరుకుతుంది. మీ కళ్ళ ముందు బొంగు నిప్పుల మీద పెట్టేవాళ్ళ దగ్గరే తినండి. కొందరు ముందే వండింది బొంగులోకి తోసి ఇస్తారు.

ఇక చిన్నమ్మ కొడుకు సంగతి. స్నేహితులతో పోతానంటే, పది రోజులు దొరికితే, సిమ్లా వైపు నుంచి స్పితి వెళ్ళమన్నాను. ఎనిమిది రోజులు, చేతిలో డబ్బు, దారి కష్టం వద్దు అనుకుంటే నుబ్రా. "అమ్మ లేకుండా పోను" అన్నాడు. అయితే ఆరు రోజుల్లో రెండే అరకు, రెండు పాడేరు, లంబసింగి, మిగతావి రైల్లో. దసరా రద్దీలో వద్దు, వలిసె పూల టైమ్‌కి పెట్టుకోమన్నాను. వాడు కాసేపు నసిగి, "అరకు మొన్ననే పోయినం కదన్నా" అన్నాడు. ఎప్పుడని అడిగితే పదో తరగతి టూర్‌లో అట.

చిన్నమ్మ ఫోన్ లాక్కుని, "నాకు రైలు చాలు బిడ్డా, కిటికీ సీటు దొరికితే" అంది. టికెట్లు 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. నవంబరు చివరి ప్రయాణానికి సెప్టెంబరు చివర్లోనే కూర్చోవాలి. గోదావరిలో లోయర్ బెర్త్‌లు ముందు పోతాయి. చిన్నమ్మ వయసు ఫారంలో సరిగ్గా వేయమని వాడికి రెండుసార్లు చెప్పాను.